గుడి ఊరి నుంచి ఇంకో గుడి ఊరికి, సముద్రం కోసం

తిరుపతి, బయల్దేరే ముందు

తిరుపతిలో కాపురం ఉండేవాళ్ళకు సెలవంటే జనం లేని చోటు. మా ఇల్లు అలిపిరి దారిలో. వేసవి సెలవులు మొదలైతే మా వీధి చివర నుంచి జీపులు, బస్సులు, గుండ్లు చేయించుకున్న పిల్లలు, టోపీలమ్మేవాళ్ళు. పాల ప్యాకెట్టు కోసం రోడ్డు దాటాలన్నా కాచుకోవాల్సిందే. ఈసారి ఏదైనా దీవికి పోదామని మా ఆయన అన్నారు. ఆయన అడిగింది దీవి, నేను అడిగింది తక్కువ ఖర్చు, పెద్దోడు అడిగింది అలలు. పాపకు నాలుగేళ్ళు, దానికి ఇసుక ఉంటే చాలు.

అండమాన్ లెక్క వేశాం. చెన్నై నుంచి విమానం, దిగినాక చిన్న దీవులకు ఓడ, అక్కడ గది. రెండో కాగితం తిప్పకముందే మూసేశాం. లక్షద్వీప్‌కు ముందుగా పర్మిట్టు తీసుకోవాలి. మన జిల్లాలోనే పులికాట్ సరస్సులో ఇరకం దీవి ఉంది గానీ అది సరస్సు, పిల్లోడు ఒప్పుకోడు. మిగిలింది రామేశ్వరం. అదీ దీవే, పాంబన్ దీవి. చాలామంది వంతెన మీద నుంచి ఫోటో తీసుకుని, గుడికి పోయి, తిరిగి వచ్చేస్తారు కాబట్టి అది దీవన్న సంగతి ఎవరికీ పట్టదు. తిరుపతి నుంచి నేరుగా రైలుంది.

“గుడి ఊరు వదిలి గుడి ఊరికా?” అని పక్కింటావిడ నవ్వింది. నా లెక్క వేరు. జనమంతా దీవికి తూర్పు వైపున, గుడి చుట్టూ ఉంటారు. పది కిలోమీటర్లు ఇవతల తంగచ్చిమడం, పాంబన్ లాంటి ఊళ్ళున్నాయి, అక్కడ రాత్రి ఉండేవాళ్ళు తక్కువ. ఇంకో సంగతి గాలి. ఈ దీవికి ఉత్తరాన పాక్ అఖాతం, దక్షిణాన మన్నార్ సింధుశాఖ. వేసవి నుంచి నైరుతి గాలులు ఉన్నన్నాళ్ళూ ఉత్తరం వైపు నీళ్ళు కదలవు, దక్షిణం ఎగిరి పడుతుంది. చలికాలంలో ఈశాన్యం గాలి వీస్తే తారుమారు. చిన్న పిల్లలున్నవాళ్ళు హోటల్ కంటే ముందు చూసుకోవాల్సింది ఇది.

ఇక మా అత్త. చిత్తూరులో ఉంటుంది. “బీచీకి నేనొచ్చి ఏం జేసేది” అంటుంది ఎప్పుడూ. రామేశ్వరం అనేసరికి మేము అడగకముందే నిప్పట్లు కాల్చి డబ్బాకెత్తింది. మేం కొండ లడ్డూలు ఒక సంచీ నిండా పెట్టుకున్నాం. అది ఎంత తెలివైన పనో అక్కడికి పోయినాక తెలిసింది.

శనివారం, తంగచ్చిమడం

రైలు వంతెన ఎక్కేసరికి ఇంకా చీకటి, పిల్లలు నిద్ర. అత్త ఒక్కతే కిటికీకి ముఖం ఆనించి చేతులు జోడించుకుని కూర్చుంది. కింద నీళ్ళున్నాయని చప్పుడును బట్టి తెలుసుకోవాల్సిందే.

గుడి దగ్గర లాడ్జీలు సెలవుల్లో రోజుకు మూడు వేలు చెప్పాయి. మేం దిగింది ఒక మత్స్యకార కుటుంబం ఇంటి మేడ మీద, రోజుకు 1,200. రెండు మంచాలు, కింద పరుపు, చిన్న గట్టు మీద గ్యాస్ పొయ్యి. పాపకు రాత్రి పాలు కాచుకోవడానికి ఆ పొయ్యే నాకు ఏసీ కంటే ముఖ్యం. వాకిట్లో మేరీమాత పటం, దాని ముందు మల్లెపూలు. ఇంటి అక్క ఏ ఊరని అడిగింది. తిరుపతి అనగానే “పెరుమాళ్ ఊరా!” అని చేతులు కడుక్కొచ్చింది, ఇంకా మేం లడ్డూ తీయను కూడా లేదు. ఇచ్చిన లడ్డూను రెండు చేతులా అందుకుని కళ్ళకద్దుకుని, వేలి గోరంత ముక్కలు చేసి ఇరుగుపొరుగు ఇళ్ళకన్నిటికీ పంపింది. ఆ సాయంత్రానికి వీధిలో మమ్మల్ని తెలియనివాళ్ళు లేరు. చిత్తూరోళ్ళకు తమిళం ఎంతోకొంత వచ్చు కాబట్టి మాటకు ఇబ్బంది లేదు. అత్తదైతే తమిళమో తెలుగో తేల్చలేని భాష, అయినా ఆమెకే అందరికంటే బాగా అర్థమయ్యేది.

ఇంటి వెనక కొబ్బరితోట దాటితే సముద్రం. పళ్ళెంలో పోసి పెట్టినట్టు ఉన్నాయి నీళ్ళు. పాప చెయ్యి పట్టుకుని లోపలికి నడుస్తూ పోయాను, ఒడ్డున చెట్లు చిన్నవైపోయాయి, నీళ్ళు మాత్రం దాని మోకాలి దగ్గరే ఉన్నాయి. పెద్దోడు నడుం మీద చేతులు పెట్టుకుని చూసి “ఇది సముద్రం కాదు, చెరువు” అన్నాడు. వాణ్ణి ఓదార్చింది ఎండ్రకాయలు. తడి ఇసుకలో వేలు పట్టేంత బొక్కలు, వాటి చుట్టూ గింజల్లా ఇసుక ఉండలు. కదలకుండా కూర్చుంటే ముందు రెండు కళ్ళు పుల్లల మీద పైకి లేస్తాయి. తర్వాత అది అడ్డంగా బయటికి వచ్చి, చంకలో పెట్టుకొచ్చిన ఇసుకను విసిరేసి, మన నీడ కదిలితే లోపలికి జారుకుంటుంది. వాడు బోర్లా పడుకుని గంటసేపు చూశాడు. ఫోన్ అడగలేదు.

ఒడ్డున వల బాగుచేస్తున్న పెద్దాయన మా ఆయన్ను చూసి గట్టిగా కేకేశాడు. వల మీద చెప్పుకాళ్ళతో అడుగేశారు. అక్కడ అది పెద్ద తప్పు. చెప్పులు చేతిలోకి తీసుకుని పక్కకు రాగానే ఆయనే పిలిచి కూర్చోబెట్టాడు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, తూర్పు తీరంలో మరపడవలు వేటకు పోకూడదు. చేపలు గుడ్లు పెట్టే కాలం. అందుకే పెద్ద పడవలన్నీ కట్టేసి ఉన్నాయి, నాటు పడవలు మాత్రం తిరుగుతున్నాయి. చేప దొరుకుతుంది గానీ ధర ఎక్కువ అని ముందే చెప్పాడు.

మధ్యాహ్నం భోజనం ఇంటి అక్క దగ్గరే, మనిషికి 150, పిల్లలకు సగం. దొడ్డన్నం, కొబ్బరి రుబ్బి పోసిన చేపల పులుసు, కరకరలాడే నెత్తళ్ళ వేపుడు. పాప నెత్తళ్ళను తలతో సహా తినేసింది. అత్త యాత్రకొచ్చింది కాబట్టి నీచు ముట్టదు. ఆ మాట మేం చెప్పలేదు, ఆమె బొట్టు చూసి అక్కే అర్థం చేసుకుంది. కొత్త గిన్నె కడిగి విడిగా రసం, అప్పడాలు, బీరకాయ కూర పెట్టింది. అత్త రెండోసారి రసం అడిగి పోయించుకుంది, అది ఆమె ఇచ్చే పెద్ద కితాబు.

ఆదివారం, విల్లూండి వైపు

విల్లూండి తీర్థం ఇంటికి దగ్గరే కదా, నడుద్దాం అనుకున్నాం. ఫోన్‌లో మ్యాపు చూపించిన దారి కంపచెట్ల మధ్యకు పోయి అక్కడ ఆగిపోయింది. మేకలు కాసే అబ్బాయి చెయ్యి ఊపిన వైపు పోతే వచ్చింది తీర్థం కాదు, ఏదో చిన్న పల్లె ఒడ్డు. నాకైతే ఆ దారి తప్పడమే ఈ ప్రయాణంలో మంచి భాగం.

తాటాకు పందిరి కింద ఆడవాళ్ళు వరుసగా కూర్చుని తాళ్ళకు ఏదో ముడులేస్తున్నారు. వేళ్ళకు గుడ్డపీలికలు చుట్టుకున్నారు. దగ్గరికి పోతే సముద్రపు నాచు. వెదురు బొంగులతో నలుచదరం తెప్ప కట్టి, అడ్డంగా తాళ్ళు లాగి, ఆ తాళ్ళకు పిడికెడు పిడికెడు నాచు ముక్కలు కట్టి నీళ్ళలో వదులుతారు. 45 రోజులకు ఆ పిడికెడు గుత్తులు గుత్తులుగా పెరుగుతుంది. కోసి, కొంత మళ్ళీ విత్తనానికి కట్టి, మిగతాది ఎండబెట్టి అమ్ముతారు. నీళ్ళు కదలకుండా ఉండే ఈ నెలలే వాళ్ళకు పంట కాలం. ఒక పెద్దావిడ పాప చేతిలో పచ్చి నాచు పెట్టింది. మెత్తగా, జారుతూ, విరిస్తే టక్కున విరుగుతుంది. దీన్ని ఏం చేస్తారు అని నేనడిగితే “ఐస్‌క్రీం” అంది. నిజమే, దీని నుంచి తీసే జిగురు ఐస్‌క్రీం చిక్కబడటానికి వేస్తారు. పాప వెంటనే నాచును నాకి, ఉప్పగా ఉందని మొహం పెట్టి, తర్వాత ఆ రోజంతా ప్రతి బంకు దగ్గరా నాచు ఐస్‌క్రీం కావాలంది.

వాళ్ళు చూపించిన దారిలో ఒడ్డు వెంబడే నడిచి విల్లూండి చేరాం. సముద్రంలోకి చిన్న వంతెన, దాని చివర బావి. చుట్టూ ఉప్పునీళ్ళు, బావిలో తియ్యటి నీళ్ళు. సీతమ్మకు దాహమైతే రాముడు విల్లు నాటాడని చెబుతారు. పెద్దోడు చుట్టూ ఉన్న నీళ్ళు ఒక చుక్క, బావి నీళ్ళు ఒక చుక్క మార్చి మార్చి రుచి చూశాడు. “కింద పైపు వేశారా?” అని వాడి అనుమానం. అత్త వాడికి రామాయణం చెప్పబోయింది, వాడు వాళ్ళ నాన్న దగ్గరికి పోయి భూగర్భజలం గురించి అడిగాడు. ఇద్దరూ చెప్పింది విన్నాడు, ఏది నమ్మాడో మాత్రం చెప్పలేదు.

తిరిగి వచ్చే దారిలో రోడ్డు పక్కన పదనీరు, అంటే తాటి నీరా. కల్లు కాకుండా ఉండాలని కుండ లోపల సున్నం పూసి చెట్టుకు కడతారు. తాటాకు మడిచి దొప్ప చేసి పోశాడు, అందులో ఒక ముంజ కూడా చిదిమి వేశాడు. దొప్ప 40 రూపాయలు. పొద్దెక్కితే దాని రుచి మారిపోతుంది, పొద్దున్నే తాగాలి.

సోమవారం, ధనుష్కోటి

ఆటో రానూపోనూ, ఆగి ఉండటంతో కలిపి 1,000. బస్సుంది, చవక, కానీ పాప ఎక్కడ ఎప్పుడు ఆపమంటుందో బస్సు కండక్టర్‌కు చెప్పలేం. ఆరింటికే బయల్దేరాం. ఎండ ముదిరితే అక్కడ నిలబడటానికి నీడ ఉండదు.

ఒకప్పుడు చెన్నై నుంచి రైలు ఇక్కడి దాకా వచ్చేది, దిగినవాళ్ళు ఓడెక్కి సింహళంలో తలైమన్నార్ దగ్గర దిగేవాళ్ళు. స్టేషను, పోస్టాఫీసు, చర్చి, బడి, అన్నీ ఉన్న ఊరు. 1964 డిసెంబరు 22 రాత్రి తుపానులో సముద్రం ఊరి మీదికొచ్చింది. పాంబన్ నుంచి వస్తున్న ప్యాసింజరు రైలు మనుషులతో సహా కొట్టుకుపోయింది. తర్వాత ప్రభుత్వం ఆ ఊరు నివాసానికి పనికిరాదంది. చర్చికి ఇప్పుడు పైకప్పు లేదు. గోడల్లో పగడపు రాళ్ళు, తేనెపట్టులా చిల్లులు చిల్లులుగా, చేత్తో తడిమితే గరుకు. పిల్లలకు ఎంతవరకు చెప్పాలా అని నేను ఆలోచిస్తుంటే ఆటో తమ్ముడే మా వాడికి రైలు సంగతి మొత్తం చెప్పేశాడు. “డ్రైవరుకు కనబడలేదా?” అన్నాడు మావాడు. “చీకటి, వాన” అన్నాడు తమ్ముడు. అంతకంటే నేను కూడా చెప్పలేను.

2017లో కొస దాకా, అరిచల్‌మునై వరకు, తారురోడ్డు పడింది. అంతకుముందు ఇసుకలో జీపులే. రోడ్డుకు రెండు పక్కలా సముద్రమే: ఎడమన నిలకడ నీళ్ళు, కుడిపక్క అలలు రాళ్ళ మీద విరుగుతున్నాయి. ఎడమది ఆడ సముద్రం, కుడిది మగ సముద్రం అన్నాడు తమ్ముడు. “గోల చేసేది మగదా, సరిపోయింది” అంది అత్త, మా ఆయన వైపు చూస్తూ. పెద్దోడికి కావాల్సిన అలలు ఇక్కడున్నాయి, కానీ దిగనివ్వరు, దిగకూడదు కూడా. రెండు నీళ్ళు కలిసే చోట లోపల లాగేస్తుంది. పిల్లల చెయ్యి వదలకండి, ఫోటో కోసమైనా.

కొసకు కాస్త ఇవతల అలివి వల లాగుతున్నారు. రెండు తాళ్ళు, ఒక్కోదానికి పదిమందికి పైగా, వెనక్కి నడుస్తూ పాట పాడుతూ లాగుతున్నారు. మావాణ్ణి కూడా తాడు పట్టుకోమన్నారు. వల ఒడ్డెక్కేసరికి అరగంట పైనే పట్టింది. పడింది ఎక్కువేం కాదు: నెత్తళ్ళు, నాలుగు పార చేపలు, ఉబ్బిపోయిన బుంగ చేప ఒకటి. బుంగ చేపను తిరిగి నీళ్ళలోకి విసిరేశారు. కూలీగా మావాడికి ఒక పార చేప చేతిలో పెట్టారు. దాన్ని పక్కన గుడిసెలో ఇస్తే కారం పూసి పెనం మీద కాల్చి ఇచ్చింది ఒకావిడ, నూనెకు 30 రూపాయలు తీసుకుంది. వాడు తన సంపాదన అని ముల్లుతో సహా ఎవరికీ ఇవ్వలేదు.

గవ్వల దుకాణాల్లో దండలు, దీపాలు, శంఖాలు. బేరమాడితే సగానికి వస్తాయి. ఒడ్డున పాపకు తెల్ల పగడం ముక్క దొరికింది, జేబులో వేసుకుంది. ఆటో తమ్ముడు అది తీయించి ఇసుకలో పెట్టించాడు. పగడాలు వన్యప్రాణి చట్టంలో పులితో సమానంగా మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి, చచ్చిన ముక్క అయినా తీసుకుపోకూడదు. అత్త మాత్రం కొంగులో సేతు ఇసుక కట్టుకుంది. రామేశ్వరం ఇసుక తీసుకుపోయి గంగలో కలపాలి, అక్కడి గంగ తెచ్చి ఇక్కడి స్వామికి పోయాలి. అంటే కాశీ ప్రయాణం ఒకటి మా నెత్తిన పడినట్టే. దాని లెక్క మా ఆయన అప్పుడే వేయడం మొదలుపెట్టారు.

వస్తూ కోదండరామస్వామి గుడి దగ్గర ఆగాం. విభీషణుడు రాముణ్ణి శరణు కోరింది ఇక్కడేనంటారు. 64 తుపానుకు నిలబడిన గుడి ఇది. తిరుపతిలో మన కోదండరామాలయానికి పోయినట్టే అత్త ప్రదక్షిణలు మొదలుపెట్టింది. పిల్లలు బయట గట్టు మీద మిగిలిన నిప్పట్లు ఖాళీ చేశారు.

మంగళవారం, రామేశ్వరం

ఊళ్ళోకి టౌన్ బస్సులో వెళ్ళాం. తమిళనాడులో మామూలు టౌన్ బస్సుల్లో ఆడవాళ్ళకు టికెట్టు లేదు. అత్త మన ఊరి అలవాటుకొద్దీ ఆధార్ కార్డు తీసి పట్టుకుంది. కండక్టరు దాన్ని చూడను కూడా లేదు, సున్నా టికెట్టు చించి చేతిలో పెట్టాడు.

తిరుపతి వాళ్ళం ఇంకో ఊళ్ళో భక్తులుగా నిలబడటం వింతగానే ఉంది. మా ఊళ్ళో ఆటోవాళ్ళు యాత్రికులతో మాట్లాడే తీరు నాకు తెలుసు. ఇక్కడ అదే తీరు మా మీదికొచ్చింది: “ఇరవై రెండు బావులూ త్వరగా చేయిస్తాను, మనిషికి ఇంత” అంటూ గుడి వీధి మొదట్లోనే ఒకాయన వెంటపడ్డాడు. మా ఆయన “మాది తిరుపతి సామీ” అన్నారు, ఆయన నవ్వి వేరేవాళ్ళ వైపు పోయాడు.

అత్త, మా ఆయన అగ్నితీర్థంలో మునిగి, గుళ్ళో 22 తీర్థాలకు వెళ్ళారు. బావి గట్టు మీద మనిషి నిలబడి బక్కెట్టుతో తోడి నెత్తిన కుమ్మరిస్తాడు, కింద నేలంతా నీళ్ళు. పిల్లల్ని తీసుకుపోకండి, జారతారు, చలికి ఏడుస్తారు, పైగా తడిబట్టలు మార్చుకున్నాకే దర్శనానికి పోనిస్తారు. నేను పిల్లలతో ప్రాకారంలో ఉన్నాను. బయటి ప్రాకారంలో 1,212 స్తంభాలంటారు. పెద్దోడు లెక్కపెట్టడం మొదలుపెట్టి, ఒక ముసలాయనతో మాటల్లో పడి అంకె మర్చిపోయాడు. పాప ఆ చల్లటి రాతి మీద వెల్లకిలా పడుకుంది. ఎవరూ లెమ్మనలేదు. మా దగ్గరైతే ఈపాటికి “జరగండి జరగండి” అని వినిపించేది.

మధ్యాహ్నం తెలుగు సత్రం పక్కన మెస్సులో పప్పు, గోంగూర, మజ్జిగ. దీవికొచ్చినాక పిల్లలు కడుపునిండా అన్నం తిన్నది ఇక్కడే, అది ఒప్పుకోవాలి. తిరుగుదారిలో పేయ్‌కరుంబు దగ్గర అబ్దుల్ కలాం స్మారకం. ఆయన పుట్టింది ఈ దీవిలో, 1931లో. ఆయన దగ్గరుండి తయారుచేయించిన రాకెట్టు ఎస్ఎల్‌వీ-3, 1980లో అది ఎగిరింది మన శ్రీహరికోట నుంచి, అదీ దీవే. రాకెట్ నమూనా ముందు నిలబడి మావాడు “ఇది మా ఊరి దగ్గర నుంచి పోయింది” అని పక్కనున్న మధురై కుటుంబానికి తమిళంలో చెప్పాడు. వాడికి తమిళం వచ్చని నాకప్పుడే తెలిసింది. మూడు రోజుల్లో ఇంటి అక్క కొడుకు నేర్పాడట.

బుధవారం, పాంబన్

రైలు సాయంత్రం. పొద్దున వంతెన చూడ్డానికి వెళ్ళాం. రోడ్డు వంతెన 1988 నాటిది, దాని మీద నుంచి కిందికి చూస్తే 2025 ఏప్రిల్ 6న తెరిచిన కొత్త రైలు వంతెన. 1914 నాటి పాత రైలు వంతెనను ఇప్పుడు వాడటం లేదు. పాతదాని మధ్య భాగం రెండు ముక్కలై రెండు వైపులకు లేచేది. కొత్తదానిలో 72.5 మీటర్ల ముక్క మొత్తం నిలువుగా పైకి పోతుంది. ఓడ కోసం లేస్తుందని మావాడు కాచుకున్నాడు, లేవలేదు. ఆ ఎండలో అత్త గొడుగు కింద పాప నిద్రపోయింది. రైలు మాత్రం ఒకటి వచ్చింది, నీళ్ళ మీద మెల్లగా, పిల్లలు చెయ్యి ఊపితే లోపలివాళ్ళూ ఊపేంత మెల్లగా.

ఇంటి అక్క తాటిబెల్లం, ఎండు నెత్తళ్ళు కట్టిచ్చింది. డబ్బులు తీసుకోలేదు, ఇంకో లడ్డూ ఉంటే ఇవ్వమంది. చివరి రెండూ ఇచ్చేశాం. రైలు పెట్టెలో ఆ నెత్తళ్ళ వాసనకు ఎదుటి బెర్తు వాళ్ళు మొహం తిప్పుకున్నారు, వాళ్ళకో తాటిబెల్లం ముక్క ఇచ్చి సర్దుకున్నాం.

పెద్దవాళ్ళం ముగ్గురం, పిల్లలిద్దరు, ఏసీ రైలు టికెట్లు కలుపుకొని 23 వేలు దాటలేదు. ఆటోలకు అనుకున్నదానికంటే ఎక్కువైంది, గదికి తక్కువైంది. దసరాకో సంక్రాంతికో పోవాలనుకునేవాళ్ళు మాత్రం నేను చెప్పిన ఉత్తరం ఒడ్డును నమ్ముకోకండి. అక్టోబరు నుంచి గాలి మారుతుంది, అప్పుడు దక్షిణం వైపు ఇల్లు వెతుక్కోవాలి. గది మాట్లాడేటప్పుడే సముద్రం ఏ వైపని అడగండి, పొయ్యి ఉందా అని కూడా.